గడుగ్గాయి జడ

తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి లేచిపోయి పక్కింటి రేకుల షెడ్డు మీద చతికిలబడింది. వదిన నిచ్చెన కోసం వీధిలోకి వెళ్ళి వచ్చే లోపలే ఆవిడ కూతురు బొంగరం గోడ ఎక్కేసింది.

బొమ్మలత్త కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఆ వారం పేజీకి ఇంకు వేస్తోంది. మేనకోడల్ని చూసి చేతిలో కుంచె ఆపింది. బొంగరం ముందు నీళ్ళ గొట్టాన్ని పట్టుకుని ఊపి చూసింది. చెప్పులు విడిచింది. నడుము దాటి వేలాడుతున్న జడని ముందుకు లాక్కుని, దాని కొసని పళ్ళ మధ్య బిగించింది. అంతే, ఇక ఆ పిల్లకి నేలతో పని లేదు. అరికాలు ఎక్కడ ఆనించాలో ముందే తెలిసినట్టు పైకి పాకింది. రేకులకి మేకులు కొట్టిన వరస వెంబడే నడిచింది. మధ్యలో కాలు వేస్తే రేకు వంగుతుందని ఆ పిల్లకి ఎవరు చెప్పారో తెలియదు. దుప్పటిని చుట్టచుట్టి కిందకి విసిరి, గోడ వైపు తిరిగి దిగింది. కాళ్ళు నేలకి తగిలాకే నోట్లోంచి జడ వదిలింది.

వదిన నిచ్చెన మోసుకుని రొప్పుతూ వచ్చేసరికి దుప్పటి మళ్ళీ తీగ మీద ఉంది. బొంగరం దాని పక్కన ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"ఎక్కావు కదూ?"

"లేదమ్మా. గాలే తీసుకెళ్ళింది, గాలే తెచ్చింది."

వదిన కూతురి జడ కొస పట్టుకుని వేళ్ళతో నలిపింది. తడిగా ఉంది.

"గాలికి పళ్ళు కూడా ఉన్నాయన్నమాట. మగరాయుడా! ఆడపిల్లని కన్నానో కోతిని కన్నానో నాకే తెలియడం లేదు. పద లోపలికి!"

బొమ్మలత్త నవ్వుకుంటూ కుంచె ముంచింది. అన్నయ్య ఇంట్లో ముందు గది ఆవిడది. పిల్లల వారపత్రికలో ఆఖరి పేజీ కూడా ఆవిడదే. ఆ పేజీలో వచ్చే బొమ్మల కథలో గడుగ్గాయి అనే పిల్ల ఉంటుంది. గోడలు దూకుతుంది, పెద్దవాళ్ళ అబద్ధాలు పట్టేస్తుంది, బడి గంట ముందే కొట్టేస్తుంది. పత్రిక చేతికి రాగానే పిల్లలు వెనక నుంచి చదవడం మొదలుపెడతారని సంపాదకుడు సగం గొప్పగా, సగం ఏడుపుగా చెప్పుకుంటాడు. గడుగ్గాయిది క్రాపు. తల చుట్టూ నాలుగు ముళ్ళలా వెంట్రుకలు గీసి, మధ్యలో నలుపు నింపి, నెత్తి మీద ఒక సన్న గీత తెల్లగా వదిలేస్తే జుట్టు అయిపోయినట్టే. బొమ్మలత్త దాన్ని కళ్ళు మూసుకుని కూడా వేయగలదు.

ఆడపిల్ల బొమ్మ వేయాలంటే జుట్టుతో మొదలుపెట్టాలని ఆ పనిలో ఉన్న అందరికీ తెలుసు. రెండు జడలు వేస్తే బుద్ధిమంతురాలు. విరబోస్తే దెయ్యం, కాకపోతే ప్రేమలో పడ్డ పిల్ల. క్రాపు వేస్తే ఎవరి మాటా వినదు. కన్నూ ముక్కూ గీయకముందే మనిషి తెలిసిపోవాలి. "చూడగానే తెలియాలి" అనేది బొమ్మలత్త ఊతపదం. కిందటేడు బడివాళ్ళు పిలిస్తే వెళ్ళి, నల్లబల్ల మీద జడనీ క్రాపునీ పక్కపక్కన గీసి మరీ ఈ పాఠం చెప్పి వచ్చింది. పిల్లలతో పాటు టీచర్లు కూడా చప్పట్లు కొట్టారు.

*

బడి నుంచి వచ్చేటప్పుడు బొంగరం కిటికీలోంచి వస్తుంది. మర్నాడు సాయంత్రం తలుపులోంచి వచ్చింది. బొమ్మలత్తకి అప్పుడే అనుమానం వేసింది.

బొంగరం సంచీ కింద పెట్టి, బల్ల మీద ఉన్న కత్తెర తీసి తెరిచి చూసింది.

"అత్తా, దీంతో జుట్టు తెగుతుందా?"

"కాగితాలు కోసీ కోసీ మొద్దుబారిపోయింది. ఎవరి జుట్టు?"

"నాదే."

బొమ్మలత్త కుర్చీ వెనక్కి జరిపింది. బడి వార్షికోత్సవానికి గడుగ్గాయి కథని నాటకం వేస్తున్నారు. గేటుకి కట్టే పెద్ద గుడ్డ మీద గడుగ్గాయి బొమ్మ వేసిస్తానని ఆవిడ మాట కూడా ఇచ్చింది. ఆ వేషం ఎవరిదని మాత్రం అడగలేదు. అడగవలసిన విషయమని తోచలేదు. బొంగరం చదివే బడిలో గడుగ్గాయి వేషం ఇంకెవరికి ఇస్తారు?

"ఎవరికిచ్చారేంటి?"

"సూదికి."

సూది అంటే వీధి చివర టైలరు కూతురు. పీలగా ఉంటుందనీ, తండ్రి పని అదనీ పిల్లలు పెట్టిన పేరు. నోట్లో నాలుక లేని పిల్ల. ఎదురుపడితే దారి మనకే వదిలేసి గోడకి అంటుకుని నిలబడుతుంది. ఈ మధ్య తలలో పేలు పడ్డాయని వాళ్ళమ్మ జుట్టంతా పొట్టిగా కత్తిరించేసింది.

"సూదా? ఆ పిల్ల చేత మాట్లాడించి చూశారా?"

"ఎవరి చేతా మాట్లాడించలేదు. దూకించలేదు. టీచరు మమ్మల్ని వరసలో నిలబెట్టి తలలు చూసుకుంటూ వెళ్ళారు. సూది దగ్గర ఆగి 'ఇదిగో గడుగ్గాయి' అన్నారు. నేను ఊరుకోలేదత్తా, అడిగాను. 'గడుగ్గాయికి ఇంత జడ ఎక్కడుంటుందమ్మా, మీ అత్తే చెప్పారు కదా' అన్నారు."

కుంచె నుంచి ఒక చుక్క జారి పేజీ మీద పడింది. బొమ్మలత్త దాన్ని అద్దలేదు.

"విగ్గు పెట్టొచ్చు కదా?"

"పెట్టారు. లోపల జడ చుట్టేసరికి తల గుమ్మడికాయంత అయింది. అందరూ ఒకటే నవ్వు."

"మరి నీకేం వేషం?"

"అక్క." జబ్బు పేరు చెప్పినట్టు చెప్పింది. గడుగ్గాయి అక్క ప్రతి వారం గుమ్మంలో కూర్చుని ఏదో ఒకటి కుట్టుకుంటూ ఉంటుంది. తల ఎత్తి 'చెల్లీ, పడిపోతావ్! దిగు!' అంటుంది. ఆమెకి అంతకుమించి పని లేదు. ఆమెకి రెండు జడలు.

"శుక్రవారం లోపల క్రాపుతో వస్తే మార్చొచ్చు అన్నారు. అమ్మ కోయదు. నువ్వు కోస్తావా?"

"నీకు కోయించుకోవాలని ఉందా?"

బొంగరం జడని ముందుకు వేసుకుని, తాడు గట్టిదో కాదో చూసుకున్నట్టు రెండు చేతులతో లాగింది. ఆ జడతో దారంలా కొలుస్తుంది, ఈగల్ని తోలుతుంది, పరీక్షలప్పుడు దాన్ని కిటికీ ఊచకి కట్టుకుని నిద్ర ఆపుకుంటుంది.

"నాకు లేదు," అంది చివరికి. "గడుగ్గాయికి ఉంది."

బొమ్మలత్త ఆ పిల్ల చేతిలోంచి కత్తెర తీసుకుని సొరుగులో పెట్టింది. రేపు తను బడికి వచ్చి మాట్లాడతానంది.

*

గేటు కొలత తీసుకోవాలన్నది సాకు. బొమ్మలత్త టేపు చేతిలో పట్టుకునే హాల్లోకి వెళ్ళింది. అక్కడ నాటకం సాధన జరుగుతోంది.

బల్ల మీద సూది నిలబడి ఉంది. కింద పాత పరుపు వేశారు. బల్లే గోడ అనుకోవాలి.

"దూకమ్మా, ఏం కాదు. పరుపుంది కదా," అంది నాటకం టీచరు. ఆవిడ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

సూది పరుపు వైపు చూసింది. బల్ల అంచున కూర్చుంది. కాళ్ళు వేలాడేసి, మెల్లిగా జారి దిగి, గౌను సర్దుకుంది. ఆ తరువాత "నేను పడను" అంది. ఆ మాట సూది కాలి బొటనవేలికి వినపడి ఉండాలి, ఇంకెవరికీ వినపడలేదు.

పక్కన స్టూలు మీద బొంగరం అక్క వేషంలో ఉంది. చేతిలోని కుట్టుసూదిని బల్లెంలా పట్టుకుంది. తన వంతు రాగానే "చెల్లీ! పడిపోతావ్! దిగు!" అని ఒక్క కేక వేసింది. బయట మెట్ల మీద పావురాలు లేచిపోయాయి. మళ్ళీ బల్ల ఎక్కబోతున్న సూది ఎక్కకుండానే దిగిపోయింది.

"అక్క అలా అరవదమ్మా. అక్కకి భయం."

"స్టూలు మీద కూర్చుంటే భయం ఎలా వేస్తుంది టీచర్?"

బొమ్మలత్తకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. టీచరు ఆవిడని చూసి సంతోషంగా ఎదురొచ్చింది. చెడ్డ మనిషి కాదు. ఇంటికి వెళ్ళవలసిన వేళ దాటినా ఇంతమంది పిల్లల్ని వెంటేసుకుని అరుస్తున్న మనిషి. బొమ్మలత్త మెల్లిగా మొదలుపెట్టింది. మా పిల్ల అని చెప్పడం కాదుగానీ, దూకేదీ ఎక్కేదీ అదే కదా, జడ ఉంటే ఏమైందని.

"నిజమేనండీ, మీ అమ్మాయి పిడుగే. కానీ చివర వరసలో కూర్చున్న తాతగారికి మాట వినపడదు, మొహం ఆనదు. తల ఒక్కటే కనిపిస్తుంది. చూడగానే తెలియాలి. ఇది మీరు చెప్పిన మాటే కదండీ! అది విన్నప్పటి నుంచి నేను ఏ నాటకం వేయించినా ముందు జుట్లే చూసుకుంటున్నాను."

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో బొమ్మలత్తకి అప్పుడు తెలిసింది. ఆ మాట తప్పని చెప్పాలంటే తనని తానే తప్పు పట్టాలి, అంత పెద్ద హాల్లో, పిల్లలందరి ముందూ. టేపు చుట్టుకుని బయటికి వచ్చేసింది.

వరండాలో సూది ఆమెకి ముందుగా నడుస్తోంది. ఎదురొస్తున్న పిల్లలు ఇద్దరు పక్కకి తప్పుకుని, "గడుగ్గాయి వస్తోందిరా, జరుగు!" అన్నారు. సూది గోడకి అంటుకోలేదు. గడ్డం కొంచెం పైకెత్తి వరండా మధ్యలోంచి నడిచింది. బొమ్మలత్త అది చూసింది కానీ ఆ రోజు దాని సంగతి ఆలోచించలేదు.

*

పొద్దున్నే వదిన కూతురికి జడ వేస్తోంది. బొంగరం గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ పిల్ల కదలకుండా కూర్చునేది రోజు మొత్తం మీద ఆ కాసేపే.

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు," అంటోంది వదిన దువ్వెన పళ్ళ మధ్య చిక్కు లాగుతూ. "లేనివాళ్ళు లేక ఏడుస్తుంటే, ఉన్నది కోసుకుంటానని దీని గోల. నాటకమట నాటకం!"

బొంగరం తల తిప్పకుండానే అడిగింది. "అత్తా, గడుగ్గాయి జుట్టు ఎవరు కోశారు? వాళ్ళమ్మా, తనే కోసుకుందా?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. బొమ్మలత్త టీ గ్లాసు కింద పెట్టింది.

"ఎవరూ కోయలేదే. నేనే వేయలేదు."

"ఎందుకని?"

ఏదైనా గొప్ప మాట చెప్పొచ్చు. క్రాపంటే స్వేచ్ఛ అనో, ధైర్యమనో. హాల్లో అయితే చెప్పేదే. గుమ్మంలో ఆ పిల్ల వీపు చూస్తూ నోరు రాలేదు.

"బద్ధకం," అంది. "పేజీలో బొమ్మల గళ్ళు ఇంతింత చిన్నవి. అందులో ఆ పిల్ల గంతులేస్తూ ఉండాలి. జడ వేశామనుకో, ప్రతి గడిలోనూ అది ఎటు పోయిందో చూసుకోవాలి. కుడి వైపు దూకితే జడ ఎడమకి పోవాలి, కింద పడితే పైకి లేవాలి. ఒక్క గడిలో మర్చిపోతే పిల్లలు పట్టేస్తారు. మొదటి వారమే పేజీ ఆలస్యమైంది. సంపాదకుడు గుమ్మంలో కూర్చున్నాడు. నాలుగు ముళ్ళు గీసి నలుపు నింపేశాను. తరవాత అదే బాగుందన్నారు అందరూ."

వదిన చెయ్యి ఆగిపోయింది. "అంటే, ఈ క్రాపు వెనక ఇంకేం లేదా?"

"లేదు వదినా."

"నీ బద్ధకానికి నా జడ కోయాలా?" అంది బొంగరం. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందుకే ఆ మాట బొమ్మలత్తకి గుచ్చుకుంది.

వదిన ఆఖరి పాయ బిగించి, ముడి వేసి, ఆ జడని ఒడిలోకి తీసుకుంది. "చూడు ఆడపడుచా. పొద్దస్తమానూ ఇది ఏ గోడ మీదుందో, ఏ కొమ్మ మీదుందో నాకు తెలియదు. ఈ తల నా చేతుల్లో ఉన్నంతసేపే ఇది నా పిల్ల. ఆ కాసేపు కూడా నీ బొమ్మలు ఎత్తుకుపోతే నేనూరుకోను."

వదిన అంతసేపు అరవకుండా మాట్లాడడం బొమ్మలత్త ఎప్పుడూ వినలేదు.

*

పెరటి గోడకి గుడ్డని మేకులతో బిగించి, తెల్లరంగు పూసి ఆరబెట్టారు. దారానికి సుద్ద రాసి, అన్నయ్య ఒక కొస పట్టుకుంటే తను ఇంకో కొస పట్టుకుని టపటపా కొట్టి, గుడ్డంతా గళ్ళు తేల్చింది బొమ్మలత్త. చిన్న బొమ్మని పెద్దది చేయాలంటే గడికి గడి చూసుకుంటూ వేయాలి. బొగ్గు ముక్క తీసుకుంది. చెయ్యి దానంతటదే నాలుగు ముళ్ళు గీసేసింది. అలవాటు అలాంటిది. గుడ్డముక్కతో ఆ నాలుగూ తుడిచేసింది.

"ఎక్కు," అంది బొంగరంతో.

"ఎక్కడికి?"

"మొన్న ఎక్కావే, అక్కడికే. మెల్లిగా ఎక్కు. నేను చూడాలి."

బొంగరం తల్లి వైపు చూసింది. వదిన పెరటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "నా వైపు చూస్తావేంటి? అత్త పని అంటోందిగా," అని మొహం పక్కకి తిప్పుకుంది.

బొంగరం ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. బొమ్మలత్త బొగ్గు ముక్క ఆడిస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, చూడనిది ఎంతో ఉందని తెలిసి వచ్చింది. కొస పళ్ళ మధ్య ఉంటే జడ మెడ పక్క నుంచి ఒక వంపు తిరుగుతుంది. మనిషి పైకి లాక్కున్నప్పుడల్లా ఆ వంపు బిగుసుకుంటుంది, ఆగినప్పుడు వదులవుతుంది. దవడ దగ్గర చిన్న ఎముక ఒకటి లేస్తుంది. కళ్ళు చేతుల్ని చూడవు, చేతులు పోబోయే చోటుని చూస్తాయి. ఆ పిల్లలో భయమన్నది లేకపోలేదు. భయాన్ని కొరికి పట్టుకుని ఎక్కుతోంది. ఇంత అందమైన సంగతి కళ్ళ ముందు పెట్టుకుని తను వారం వారం నాలుగు ముళ్ళు గీస్తూ కూర్చుంది.

"కుడి కాలు అక్కడ కాదే! ఆ ఇటుక కదులుతుంది, పక్కదాని మీద వెయ్యి," అని కేక వినపడింది. వదినే. అని నాలుక కరుచుకుంది. ఆ ఇటుక కదులుతుందని ఆవిడకెలా తెలుసని ఎవరూ అడగలేదు.

పొద్దు వాలేవేళకి సూది వచ్చింది. నాటకంలో గోడ మీద ఇరుక్కునే పిల్లిపిల్ల ఒకటుంది. దాన్ని గుడ్డముక్కలతో కుట్టి తెచ్చింది. మీసాలకి నల్లదారం, చెవుల లోపల గులాబి రంగు ముక్కలు. బొమ్మలత్త దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది. ఎక్కడా కుట్టు కనిపించలేదు. మెచ్చుకోబోయేసరికి సూది గుడ్డ మీది బొమ్మనే చూస్తోంది.

"గడుగ్గాయికి జడ వచ్చిందా బొమ్మలత్తా?"

"వచ్చింది."

సూది చెయ్యి తన తల మీదికి వెళ్ళింది. "అయితే నేను మళ్ళీ పేలగుండునే," అంది చిన్నగా.

గోడ మీద ఉన్న బొంగరం నోట్లోంచి జడ జారిపోయింది. "ఎవరన్నారు నిన్నలా?"

"అందరూ. ఈ వేషం ఇచ్చాక మానేశారు." కాస్త ఆగింది. "నువ్వూ అన్నావు ఒకసారి. పంపు దగ్గర."

బొంగరం గోడ దిగింది. దిగేటప్పుడు ఎప్పుడూ తగలని మోకాలు తగిలింది. సూది ఎదురుగా నిలబడింది, తరవాత అత్త వైపు తిరిగింది.

"తుడిచెయ్యి అత్తా. మళ్ళీ క్రాపు వెయ్యి. వేషం దానికే ఉండనీ."

బొమ్మలత్తకి వరండాలో ఎత్తిన ఆ గడ్డం అప్పుడు గుర్తొచ్చింది. బొగ్గు ముక్క కింద పెట్టి సూది ముందు గొంతుక్కూర్చుంది.

"నిజం చెప్పవే. నీకు గడుగ్గాయి వేషం ఇష్టమేనా?"

"క్రాపు ఇష్టం," అంది సూది. "దూకడమే ఇష్టం లేదు. అక్క మాటలు బాగుంటాయి. నాకు అందరి మాటలూ వచ్చు, కానీ అక్కవే బాగుంటాయి. అక్కకి కుట్టుపని కూడా ఉంటుంది."

"అయితే ఇక్కడ కూర్చో. ఇలా, గుమ్మంలో. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కుట్టుకో. తల మాత్రం పైకెత్తు, గోడ మీద నీ చెల్లెలుంది."

అక్కకి ముళ్ళు గీయలేదు. సూది తల ఎలా ఉందో అలాగే వేసింది. కత్తెర ఎగుడుదిగుడుగా పోయిన చోట్లు, నెత్తి మీద చిన్న సుడి, బయటపడ్డ చెవులు, ఎవరూ ఎప్పుడూ చూసి ఉండని సన్నటి మెడ. పొట్టిజుట్టులో ఆ పిల్ల మొహమంతా కళ్ళే ఉన్నాయి. వేస్తున్నంతసేపూ బొంగరం పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.

"నీ తల బాగుంటుందే," అంది సూదితో. సారీ చెప్పడం ఆ పిల్లకి రాదు. సూదికి అర్థమైనట్టే ఉంది.

*

శుక్రవారం పొద్దున్న గేటుకి గుడ్డ కట్టగానే నాటకం టీచరు దాని ముందుకొచ్చి నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"ఏంటండీ ఇది? గడుగ్గాయికి జడ?"

"జుట్టు కదండీ. పెరుగుతుంది."

"కింద గుమ్మంలో ఈ క్రాపు పిల్ల ఎవరు?"

"అక్క."

"అక్కకి క్రాపా! నెమ్మదస్తురాలు కదండీ అక్క. చూడగానే తెలియాలని మీరే..."

ఆవిడ మాట పూర్తి కాలేదు. ఒకటో తరగతి పిల్లలు గుంపుగా గేట్లోంచి వస్తున్నారు. వాళ్ళలో పొట్టిది ఒకతి తల ఎత్తి చూసి, "గడుగ్గాయి!" అని అరిచింది.

"ఏదీ?"

"అదిగో, గోడెక్కుతోంది కదా!"

"కాదు. దానికి జడ ఉంది," అంది పక్క పిల్ల.

"ఉంటే ఏంటి? నోట్లో పెట్టుకుందిగా!"

పక్క పిల్ల చూసింది, అవునంది. ఇద్దరూ లోపలికి పరిగెత్తారు. అంతటితో వాళ్ళ దృష్టిలో తగాదా తేలిపోయింది. టీచరు బొంగురు గొంతుతో నవ్వింది. నవ్వి తల పట్టుకుంది.

"సరే. వేషాలు మార్చేస్తాను. కానీ అక్క మాట చివర వరస దాకా వినపడాలండీ. ఈ పిల్ల గొంతు పక్కన నిలబడ్డ నాకే వినపడదు. అదొక్కటి మీరు బొమ్మ వేసి చూపించలేరు."

అది నిజమే.

*

శనివారం సాయంత్రం హాలు నిండిపోయింది. బొమ్మలత్త, వదిన ఐదారు వరసల వెనక కూర్చున్నారు. వేదిక మీద వడ్రంగి చేసిన చెక్క గోడ, దానిపైన పిల్లిపిల్ల. గుమ్మంలో పొట్టిజుట్టుతో సూది కూర్చుని నిజంగానే కుడుతోంది. వేళ్ళు దారం మీద అలవాటుగా నడుస్తున్నాయి. హాల్లో ఎవరో "అది టైలరు గారమ్మాయి కదూ" అన్నారు. పేల మాట ఎవరూ ఎత్తలేదు.

బొంగరం పరిగెత్తుకుంటూ వచ్చింది. జడ ముందుకు లాక్కుని కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. హాలంతా ఒక్కసారిగా నవ్వు, చప్పట్లు. చివర వరసలో తాతలు కూడా మెడలు సాచారు.

పై అంచు చేతికందేసరికి చెక్క గోడ కిర్రుమంది. కింద ఆపుగా పెట్టిన పలక జారినట్టుంది. గోడ ఒక పక్కకి కొంచెం ఒరిగింది. చప్పట్లు ఆగిపోయాయి. తెర పక్కన టీచరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన బొమ్మలత్త మణికట్టు పట్టుకుని లేవబోయింది. దిగమని కేక ఆవిడ నాలుక చివరి దాకా వచ్చింది.

బొంగరం దిగలేదు. ఒక చేత్తో పిల్లిని అందుకుంది, రెండో చెయ్యి గోడ అంచు మీద ఉంది. ఇప్పుడు తన మాట చెప్పాలి, 'నేను పడను' అని. చెప్పాలంటే జడ వదలాలి. వదిలితే జడ వీపు మీదికి పోయి గోడలోంచి పొడుచుకొచ్చిన మేకుకి తగులుకుంటుంది. అది బొమ్మలత్తకి స్పష్టంగా కనిపిస్తోంది. బొంగరం పళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. కళ్ళు మాత్రం కిందకి, గుమ్మం వైపు తిరిగాయి.

అంతకుముందే చెప్పవలసిన అక్క మాట ఇంకా రాలేదు. 'చెల్లీ, పడిపోతావ్! దిగు!' అనాలి. సూది కుట్టుపని పక్కన పెట్టి లేచి నిలబడింది. తల పైకెత్తింది. మెడ మీద నరం లేచింది.

"అది పడదు!" అంది.

ఆ గొంతు హాలు చివర తలుపుకి తగిలి వెనక్కి వచ్చింది. అంత గొంతు ఆ పిల్లలో ఎక్కడ దాగి ఉందో టైలరుకి కూడా తెలియదు, ముందు వరసలో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వదిన అలాగే కూర్చుండిపోయింది. బొంగరం కుడి కాలు జరిపింది, కదలని పలక మీద వేసింది. బరువు అటు వేసేసరికి గోడ నిలబడింది. పిల్లిపిల్లని చంకలో పెట్టుకుని, గోడ మీదికెక్కి, అక్క ముందుకి ఒక్క దూకు దూకింది. నేల తాకాకే జడ వదిలింది.

ఆ చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు.

నాటకం అయ్యాక తెర వెనక తొక్కిడిగా ఉంది. వదిన కూతుర్ని దొరకబుచ్చుకుని, జడ కొస పట్టుకుని వేళ్ళతో నలిపింది. తడిసి ముద్దయి ఉంది. తిడుతుందని బొంగరం కళ్ళు మూసుకుంది. వదిన ఆ కొసని తన చేతిగుడ్డతో తుడిచి, రెండుసార్లు పిండి, "గట్టిగానే పట్టుకున్నావు," అంది.

టీచరు సూదిని వెతుక్కుంటూ వచ్చింది. "నువ్వు చెప్పవలసింది 'పడిపోతావ్' అని కదమ్మా. సాధనలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ మాట ఎవరు మార్చమన్నారు?"

సూది గొంతు మళ్ళీ మామూలు గొంతే అయిపోయింది. బొమ్మలత్త వంగి వినవలసి వచ్చింది.

"ఎవరూ చెప్పలేదు టీచర్. అది పడదు కదా. చూడగానే తెలియడం లేదూ?"

టీచరు బొమ్మలత్త వైపు చూసింది. బొమ్మలత్త అప్పుడే వచ్చే వారం పేజీ గురించి ఆలోచిస్తోంది. మొదటి గడిలో అక్క లేచి నిలబడుతుంది. ఆ తరువాత గడిగడికీ గడుగ్గాయి జడ ఎటు పోయిందో ఓపిగ్గా చూసుకోవాలి.